గురువారం పెద్దాయన

నాకు మనుషుల మీద నమ్మకం లేదు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, ఉద్యోగం అంటించిన జబ్బు. బస్టాండులో ఏడో ప్లాట్‌ఫారం చివర, మెట్ల కింద, కిటికీ లేని గదిలో ఇరవై ఆరేళ్ళు కూర్చుంటే మీకూ అంటుకుంటుంది. పోయిన వస్తువుల గది అది. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ నా దగ్గరికే చేరతాయి. గొడుగులు, అన్నం డబ్బాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు. ఒకసారి కుట్టుమిషను కూడా వచ్చింది. కుట్టుమిషను మర్చిపోయి చేతులూపుకుంటూ దిగిపోయిన మనిషి ఎవరో నాకిప్పటికీ అంతుబట్టదు.

గదికి ఒక నియమం ఉంది. వచ్చినవాళ్ళకి వస్తువు ముందే చూపించకూడదు. మూడు ప్రశ్నలు అడగాలి. వస్తువేమిటి, ఎక్కడ పోయింది, పైకి కనిపించని గుర్తేమిటి. మూడూ సరిపోతేనే వస్తువు లోపలినుంచి వస్తుంది. అందుకే డిపోలో అందరూ నన్ను 'మూడు ప్రశ్నలావిడ' అంటారు. నా ముందు అనే ధైర్యం మాత్రం ఎవడికీ లేదు.

మూడేళ్ళ క్రితం 'అక్కా, అక్కా' అంటూ ఒక తియ్యటి నోటివాడొచ్చాడు. తోలు సంచీ పోయిందన్నాడు. నేను తెలివితక్కువగా, "లోపల నీలం ఫైలుందా?" అని అడిగాను. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇచ్చాను, మహానుభావురాలిని! ఉందన్నాడు, పట్టుకుపోయాడు. రెండు గంటల తర్వాత అసలు మనిషొచ్చి నెత్తీ నోరూ బాదుకున్నాడు. నాకు మెమో వచ్చింది. మరొక్క తప్పు జరిగితే ఉద్యోగం నుంచి తీసేస్తామని అందులో ఉంది. అప్పటినుంచీ పద్ధతి మార్చారు. వచ్చిన ప్రతి వస్తువునీ నంబరున్న ప్లాస్టిక్ సంచీలో పెట్టి సీలు వేయాలి, రిజిస్టర్లో రాయాలి, దాని నకలు ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకి పంపాలి. తీసుకునేవాళ్ళ సంతకం లేకుండా ఆ సీలు నేను కూడా విప్పడానికి లేదు.

అలాంటి రోజుల్లో ఆ పెద్దాయన రావడం మొదలుపెట్టాడు.

మొదటి గురువారం నల్లగొడుగు కావాలన్నాడు. డెబ్బై దగ్గర వయసు, ఉతికిన చొక్కా, తుడిచిన చెప్పులు. రెండో పుల్ల వంగిందనీ, పిడికి ఆకుపచ్చ టేపు చుట్టి ఉంటుందనీ చెప్పాడు. అక్షరాలా అలాంటిదే ఉంది. తెచ్చి బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పైకి తోసుకుని, సంచీలోంచే అటూ ఇటూ చూసి, "ఇది కాదండీ," అని వెళ్ళిపోయాడు.

రెండో గురువారం అన్నం డబ్బా. మూతకి సొట్ట, లోపలి రబ్బరు లేదు. అదీ ఉంది. చూసి, "ఇది కాదమ్మా," అన్నాడు.

మూడో గురువారం చిన్నపిల్ల ఎడమకాలి బూటు. లోపల దూది కుక్కి ఉంటుందట! డెబ్బై ఏళ్ళ మనిషికి చిన్నపిల్ల బూటుతో ఏం పని? పైగా ఒక్క కాలిది! నాకు ఒళ్ళు మండింది. అయినా పైకి తేలనీయకుండా తెచ్చి చూపించాను. చూశాడు, ముఖం చిన్నబుచ్చుకున్నాడు, వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సోమవారం ఒక అమ్మాయి వచ్చి నల్లగొడుగు అడిగింది. మూడు జవాబులూ చిలకలా అప్పజెప్పింది. ఇవ్వక తప్పలేదు. ఆమె అటు వెళ్ళగానే నా బుర్రలో గంట మోగింది. ఈయన గురువారం వచ్చి సరుకు చూసిపోతాడు, తర్వాత ఇంకొకరిని పంపి తెప్పించుకుంటాడు! లేకపోతే కాదని వెళ్ళిపోవడమెందుకు? మరి లోపలి గుర్తులు ఆయనకెలా తెలుస్తున్నాయి? రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది. నకళ్ళు మోసుకెళ్ళే అటెండరు ఎప్పుడూ ఈల వేసుకుంటూ మహా సంతోషంగా ఉంటాడు. ఈ ఉద్యోగంలో ఎవడైనా అంత సంతోషంగా ఎందుకుంటాడు? వాడే చెబుతున్నాడని తేల్చేసుకున్నాను.

వల పన్నాను. ఏ బస్సులోనూ దొరకని వస్తువొకటి రిజిస్టర్లోకి ఎక్కించాలి. దాని సంగతి నకలు చూసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పెద్దాయన వచ్చి దాన్ని అడిగాడా, ఇద్దరూ దొరికిపోతారు. ఏం ఎక్కిద్దామా అని నా చేతిసంచీలో వెతికితే మా అన్నయ్య మౌత్ ఆర్గాన్ తగిలింది. కోపంలో ఉన్న మనిషికి బుర్ర పనిచేయదు. 'ఏడో ప్లాట్‌ఫారం బెంచీ మీద దొరికింది' అని రాశాను. సంచీలో పెట్టాను, సీలు వేశాను. నకలు వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతుంటే అప్పుడు తట్టింది. దాన్ని మళ్ళీ బయటికి తీయడమెలా? తప్పుడు వివరం రాశానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. నాదేనని అడుగుదామంటే, గదిలో పనిచేసేవాళ్ళు వస్తువు అడగడానికి వీల్లేదు. నా గొయ్యి నేనే తవ్వుకుని, అందులో దిగి, పైన సీలు కూడా వేసుకున్నాను.

తర్వాతి గురువారం ఆయన మౌత్ ఆర్గాన్ ఊసే ఎత్తలేదు. బడిపిల్లల నీళ్ళసీసా అడిగాడు. అడుగున సన్నగా పగిలిన గీత ఉంటుందట. ఉంది. నాకిక ఓపిక లేకపోయింది.

"ఏమండీ పెద్దాయనా, నన్ను చూస్తే మీకు పిచ్చిదానిలా కనిపిస్తున్నానా? వచ్చిన ప్రతిసారీ గుర్తులన్నీ చెబుతారు, తీరా తెస్తే కాదంటారు. ఎవరు మీకు ఈ వివరాలు చేరవేసేది? వాచ్‌మన్‌ని పిలవమంటారా?"

"నేనేనమ్మా వాటిని ఇచ్చింది."

"ఎవరికిచ్చారు?"

"కండక్టర్లకి. బస్సులో దొరికితే ఇస్తుంటాను. సొంతదారులు వచ్చారో లేదో చూసిపోదామని వస్తాను. ఊరికే అడిగితే మీరు చెప్పరుగా. అందుకని పోగొట్టుకున్నవాడిలా అడుగుతాను. నాది కానిది ఎలా తీసుకుంటాను?"

కథ బాగానే అల్లాడనుకున్నాను. రిజిస్టరు తిరగేస్తే దొరికినచోట కండక్టర్ల నంబర్లే ఉన్నాయి, ఈయన పేరెక్కడా లేదు. నమ్ముతానా నేను? అవన్నీ పద్నాలుగో నంబరు బస్సులో దొరికినవే. సెలవు రోజున తలకి స్కార్ఫు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆ బస్సు ఎక్కి వెనక సీట్లో కూలబడ్డాను. పెద్దాయన ముందు వరసలో కిటికీ పక్కన ఉన్నాడు. చివరి స్టాపులో అందరూ దిగారు. ఈయన దిగలేదు. వరస వరసకీ ఆగి, మోకాళ్ళు పట్టుకుని, సీట్ల కిందకి వంగి చూస్తున్నాడు. దొరికావురా దొంగా అనుకున్నాను. మూడో వరసలోంచి మడతపెట్టిన శాలువా ఒకటి తీశాడు. తిన్నగా వెళ్ళి కండక్టరమ్మాయి చేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా చేర్చు తల్లీ, అంచుకి కుట్టూడింది, అది కూడా రాయి," అని రెండుసార్లు చెప్పాడు.

నేను ఆ అమ్మాయిని పక్కకి పిలిచి ఆరా తీశాను. "ఆయనా? పొద్దున ఎక్కితే సాయంత్రందాకా తిరుగుతూనే ఉంటారండీ. నెల పాసుంది. పేరు రాస్తానంటే వద్దంటారు. ఇంట్లో ఎవరూ లేరట," అంది.

నేను దిగబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "స్కార్ఫు బావుందమ్మా. ఇవాళ గదికి సెలవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం చివరి స్టాపులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఇలా ఎందుకు తిరుగుతున్నారని అడిగాను. రెండేళ్ళ క్రితం సంగతి చెప్పాడు. ఆయన భార్యకి ఆపరేషను చేయాలన్నారు. పరీక్షల కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములూ అన్నీ ఉన్న ఫైలు ఆయన బస్సులో మర్చిపోయి దిగాడు. అన్నీ మళ్ళీ చేయించేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లోనే ఆవిడ పోయింది.

"ఎవరో ఒకరు సీటు కిందకి వంగి చూసుంటే దొరికేదమ్మా," అన్నాడు. "మీ గదికి కూడా వచ్చాను. మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మూడూ చెప్పాను. లేదన్నారు."

నాకు గుర్తే లేదు. ఎంత వెతికినా ఆ ముఖం నా బుర్రలో ఎక్కడా లేదు. "నేను కసురుకున్నానా?" అని అడిగాను.

"కసురుకున్నారు. అయినా ఆ రోజు నన్ను అన్ని మాటలు అడిగింది మీరొక్కరే," అన్నాడు.

ఆ గురువారం ఆయనకి గదిలోపల స్టూలు వేశాను. ఆ ఫైలు పోయిన నెల రిజిస్టరు తీసి ముందు పెట్టి, చదవమన్నాను. అది కూడా నియమానికి విరుద్ధమే, అయినా చేశాను. గంటసేపు వేలుపెట్టి వరస వరసా చదివాడు. డాక్టరు మర్చిపోయిన స్టెతస్కోపు. మాస్టారు మర్చిపోయిన పరీక్ష పేపర్ల కట్ట. పెళ్ళికొడుకు బూట్లు. బస్సుల కంపెనీ ఆఫీసరుగారి టోపీ. చదువుతూ చదువుతూ పకపకా నవ్వాడు. తర్వాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక్క నెలలో ఇంతమంది మర్చిపోయారా?"

"మరేమనుకున్నారు? మర్చిపోవడం నేరమైతే ఊరు ఊరంతా జైల్లో ఉండాలి. మీరొక్కరే ఏదో ఘోరం చేసినట్టు రెండేళ్ళుగా బస్సుల్లో వంగి వంగి నడుం విరగ్గొట్టుకుంటున్నారు. ఆవిడ చూస్తే నాలుగు చీవాట్లు పెట్టేది," అన్నాను.

ఆయన ఏడ్చాడు. నేను టీ తెప్పించాను. ఓదార్చడం నాకు రాదు, అందుకని టీ చల్లారిపోతోందని కసురుకున్నాను. అప్పటినుంచీ గురువారాలు ఆయన స్టూలు మీద కూర్చునేవాడు. బస్సుల కబుర్లు చెప్పేవాడు. ఆయన్ని నమ్మానా అంటే కొంచెం నమ్మాను. కొంచెమే. రిజిస్టరు మాత్రం ఆయన వెళ్ళాక ఓసారి సరిచూసుకునేదాన్ని.

నెల తిరిగేసరికి హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం తనిఖీ ఆఫీసరు వస్తారనీ, ఎవరూ అడగని వస్తువులన్నీ వేలానికి తరలిస్తారనీ దాని సారాంశం. ఆ గురువారం పెద్దాయన వచ్చేసరికి నేను అరలో ఉన్న మౌత్ ఆర్గాన్ సంచీ వంక చూస్తూ కూర్చున్నాను.

"ఏమైందమ్మా?" అన్నాడు.

ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను. వల పన్నిన సంగతి మొత్తం, ఆయనకోసమే పన్నానని కూడా చెప్పాను. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది మా అన్నయ్యే. లారీ మీద ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చేవాడు. వీధి మలుపు తిరగగానే మౌత్ ఆర్గాన్ ఊదేవాడు, నేను తలుపు తీసేదాన్ని. నాలుగో రంధ్రం పలకదు, ఒకసారి నీళ్ళలో పడిపోయింది. పైరేకు విప్పితే లోపల మేకుతో గీసిన చేప ఉంటుంది. తోక గీసేలోపు మేకు జారి వేలికి గుచ్చుకుందని అలాగే వదిలేశాడు. వాడు పోయి పదకొండేళ్ళు. ఇల్లుందీ, నేనున్నానూ, తలుపు తీయమనేవాళ్ళు లేరు.

"మీరొచ్చి అడిగితే ఇచ్చేస్తాను. ఆఫీసరు ఎదురుగానే అయినా ఫరవాలేదు. మూడు జవాబులూ మీకు చెప్పేశాను," అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అబద్ధం చెప్పడం నాకు చేతకాదమ్మా. చూద్దాం," అని లేచి వెళ్ళిపోయాడు.

చూద్దాం! ఆ ముక్క పట్టుకుని మూడు రోజులు నరకం చూశాను. ఎంత పొరపాటు చేశాను! నా జుట్టు తీసుకెళ్ళి పరాయివాడి చేతికిచ్చాను. నిజాయితీపరుడంటే మరీ ప్రమాదం, ఆఫీసరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పినా చెప్పేస్తాడు. తన ఫైలు లేదన్న మనిషి మీద కసి ఉండదా? నేనైతే ఉంచుకునేదాన్ని.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. సన్నగా, ముక్కుకి అంటుకున్న కళ్ళజోడుతో, అన్నిటినీ అనుమానంగా చూసే మనిషి. నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. నంబర్లు చదువుతున్నాడు, అటెండరు ఈల వేసుకుంటూ సంచీలు మూటలో పడేస్తున్నాడు. మౌత్ ఆర్గాన్ ఉన్న సంచీ చేతికి తీసుకున్నప్పుడు పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మౌత్ ఆర్గాన్ కోసం వచ్చానండీ."

ఆఫీసరు చెయ్యెత్తి నన్ను ఆపాడు. "నేనడుగుతాను. మీదేనా?"

"నాది కాదండీ," అన్నాడు.

అయిపోయింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"మా చెల్లెలిది," అన్నాడు పెద్దాయన. నా వైపు చూడలేదు.

"మీ చెల్లెలే రావచ్చుగా?"

"ఆవిడకి ఇవాళ డ్యూటీ అండీ, వదిలి రాలేదు."

"ఎక్కడ పోగొట్టుకుంది?"

"అది ఆవిడకే బాగా తెలుసు. ఈ గదికి చేరిందని మాత్రం నాకు చెప్పింది."

"గుర్తులు?"

చేప చెప్పాడు, తోక లేదని చెప్పాడు, నాలుగో రంధ్రం చెప్పాడు. ఆఫీసరు సీలు తెంచి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి రేకు విప్పాడు. అలాంటివాడి జేబులో అదీ ఉంటుంది మరి! చేపను చూశాడు. రేకు బిగించి, రుమాలుతో తుడిచి, నోట్లో పెట్టుకుని ఒక్కో రంధ్రం ఊదాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది గాలి. ఐదు. పదకొండేళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాను. అరల వైపు తిరిగి గొడుగులు సర్దుతున్నట్టు నటించాను. ఏ గొడుగు ఎక్కడుందో కనిపించలేదు.

"సంతకం పెట్టించుకోండి," అన్నాడు ఆఫీసరు. రిజిస్టర్లో 'సంబంధం' అన్న గడిలో పెద్దాయన నెమ్మదిగా, గుండ్రంగా 'అన్న' అని రాశాడు. దాని కింద నేను సంతకం చేయాలి. రెండుసార్లు కలం జారింది.

ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. పది నిమిషాలకి ఆఫీసరు కూడా పెట్టె సర్దుకుని బయల్దేరాడు. అతను వెళ్ళాక పావుగంట ఆగి, గదికి తాళం వేసి స్టాపుకి పరుగెత్తాను. పెద్దాయన లేడు. బెంచీ ఖాళీ. కిక్కిరిసిన పద్నాలుగో నంబరు బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది.

అరగంట నిలబడ్డాను. ఇంకో అరగంట నిలబడ్డాను. నా నోటితోనే గుర్తులన్నీ చెప్పి, నా సంతకంతోనే వస్తువు అప్పగించాను. తోలు సంచీవాడు 'అక్కా' అన్నాడు, ఈయన 'చెల్లెలు' అన్నాడు, రెండుసార్లూ వరసకే పడిపోయాను. ఇంత బతుకూ బతికి బుద్ధి రాలేదు నాకు! కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు పోలీసులకి చెప్పాలన్నా ఏమని చెప్పను?

ఒక చుట్టు తిరిగి పద్నాలుగో నంబరు బస్సు వచ్చి ఆగింది. పెద్దాయన రొప్పుతూ దిగాడు. జేబు మీద చెయ్యి అలాగే ఉంది.

"ఎక్కడికి పోయారండీ?" అని అరిచాను. స్టాపంతా తిరిగి చూసింది.

"మీకోసమే ఇక్కడ నిలబడ్డానమ్మా. ఇంతలో ఆ ఆఫీసరు వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. బస్సు రాగానే 'ఎక్కండి పెద్దాయనా' అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఎదురు సీట్లోనే కూర్చున్నాడు. ఆయన దిగేదాకా నేనెలా దిగను?"

"పట్టుకుపోయారనుకున్నాను," అన్నాను. దాచలేకపోయాను. "ఇప్పటిదాకా మిమ్మల్ని దొంగ అనే అనుకుంటూ నిలబడ్డాను."

"అనుకుంటావని తెలుసు. అందుకే బస్సులో కాలు నిలవలేదు," అన్నాడు. జేబులోంచి తీసి, నా కుడిచెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టి, నా వేళ్ళు దాని మీదకి మడిచాడు. "పట్టు చెల్లెమ్మా."

నేను నడివీధిలో, అంతమంది ముందు, చిన్నపిల్లలా భోరుమన్నాను. ఆయన ఊరుకోమనలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమిటండీ అలా చూస్తారు?" అన్నాను వెక్కుతూ.

"రెండేళ్ళలో ఎన్ని ఇచ్చానో లెక్కే లేదు. సొంతదారు చేతికి చేరడం ఒక్కసారీ చూడలేదమ్మా," అన్నాడు. "కాసేపు అలాగే ఉండు. చూడనీ."

నేను ముఖం తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను.